హింటన్ గారు రాశారు

ఐదు బుధవారాలు నేను మా పిల్లల దగ్గర ఒక అబద్ధం నడిపాను. తప్పు మాట ఒక్కటి కూడా అనలేదు. వ్యాకరణమే నాకు సాయం చేసింది. తెలుగు లెక్చరర్‌ని కదా, ఆ పని నాకు సులువుగానే వచ్చింది. అది తప్పా ఒప్పా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరి ప్రభుత్వ జూనియర్ కాలేజీ. క్లాసులో మగపిల్లలు చాలామంది సాయంత్రాలు పనికి పోతారు. సెంట్రింగ్ పని, బైకు మెకానిక్ షెడ్డు, పెళ్ళిళ్ళ సీజన్లో కేటరింగ్ వాళ్ళ దగ్గర వడ్డన. మిగిలిన టైమంతా ఫోను. లైబ్రరీ అని బోర్డున్న గదిలో పాత జవాబు పత్రాల కట్టలుంటాయి. ఆడపిల్లల్లో కొందరైనా అక్క తెచ్చుకున్న నవలో, పక్కింట్లో దొరికిన వారపత్రికో తిరగేస్తారు. మగపిల్లలు మాత్రం టెక్స్ట్ బుక్కు తప్ప అచ్చులో ఉన్నదేదీ ముట్టరు. ‘అదంతా ఆడాళ్ళ టైంపాసు మేడం’ అని వాళ్ళలో ఒకడు నాతోనే అన్నాడు.

ఇది మా ఊరి సంగతే కాదు. 2018 పిసా పరీక్షల్లో ఓఇసిడి దేశాల సగటున చదవడంలో అమ్మాయిలు అబ్బాయిలకంటే 30 పాయింట్లు ముందున్నారు. 2022కి ఆ తేడా 24కి తగ్గింది గానీ పోలేదు. అన్నిచోట్లా చెప్పే విరుగుడు దాదాపు ఒకటే. మగపిల్లలకి మగపిల్లల కథలివ్వండి, వాళ్ళ వయసువాడు, వాళ్ళలాంటి కష్టాలున్నవాడు కథానాయకుడిగా ఉండాలి, అప్పుడు చదువుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. నేనూ అలాగే అనుకుని బుధవారం ఆఖరి పీరియడ్ తర్వాత పదకొండుమంది మగపిల్లల్ని కూర్చోబెట్టాను.

మొదట ‘బారిష్టర్ పార్వతీశం’ తీశాను. ఒకరోజు నవ్వారు, రెండోరోజు ఆవులించారు. ‘అంపశయ్య’లో రవి దరిద్రం వాళ్ళకి బాగానే తగిలింది గానీ అతని ఆలోచనల వరద వెంట పోలేకపోయారు. అప్పుడు ఎప్పుడో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న ‘ది ఔట్‌సైడర్స్’ గుర్తొచ్చింది. 1967లో అమెరికాలో వచ్చిన నవల. పుస్తకం చేతిలో పట్టుకుని, అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

పోనీబాయ్ అనే పధ్నాలుగేళ్ళ పిల్లవాడు. తల్లీ తండ్రీ కారు ప్రమాదంలో పోయారు. పెద్దన్న ఇరవై ఏళ్ళవాడు, చదువు మానుకుని పనిచేస్తూ తమ్ముళ్ళని సాకుతుంటాడు. వీళ్ళు ఊరికి తూర్పున ఉండే పేదపిల్లలు, పడమటి డబ్బున్న పిల్లలు కార్లలో వచ్చి వీళ్ళని కొట్టిపోతుంటారు. ఒకరాత్రి డబ్బున్నవాళ్ళు పోనీబాయ్‌ని ఫౌంటెన్ నీళ్ళలో ముంచుతుంటే స్నేహితుడు జానీ భయంతో కత్తి తీస్తాడు. ఒకడు చచ్చిపోతాడు. ఇద్దరూ పారిపోయి పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు. అక్కడ గుర్తుపట్టకుండా జుట్టు కత్తిరించుకుంటారు. ఆ జుట్టు తప్ప తమకి గర్వించడానికి ఇంకేమీ లేదని పోనీబాయ్ బాధపడతాడు. మా వాళ్ళు ఊపిరి బిగబట్టింది ఇక్కడే. గేటు దగ్గర జుట్టు గురించి తిట్లు తినని రోజు వాళ్ళకి లేదు మరి. కత్తిపోటు దగ్గర కదలనివాళ్ళు క్షవరం దగ్గర కదిలిపోయారు.

ఆ చర్చిలో కూర్చుని ఇద్దరు కుర్రాళ్ళూ ‘గాన్ విత్ ద విండ్’ చదువుకుంటారు. పొద్దు పొడుస్తుంటే ఒకడు కవిత అప్పజెబుతాడు, రెండోవాడు వింటాడు. భయమేస్తే ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. ఎవరూ వెక్కిరించరు. మన సినిమాల్లో మగపిల్లవాడు స్నేహితుడి కోసం చావగలడు, చంపగలడు. అతని ఒళ్ళో తలపెట్టుకుని భయంగా ఉందని చెప్పడం మాత్రం అరుదు. మూడో బుధవారానికి పదకొండుమందీ పిలవకుండానే వచ్చి కూర్చున్నారు.

నా అబద్ధం మొదలైంది ఆ రోజుల్లోనే. అట్ట మీద పేరు ‘ఎస్.ఇ. హింటన్’. ఆమె పూర్తి పేరు సూసన్ ఎలోయిస్ హింటన్. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా ఊళ్ళో పదిహేనేళ్ళ వయసులో ఈ నవల మొదలుపెట్టింది, అచ్చయ్యేనాటికి ఆమెకి పద్ధెనిమిది. (అది రాస్తున్న ఏడాదే ఆమెకి రచనా తరగతిలో ‘డి’ గ్రేడు వచ్చింది. మనం దిద్దే పేపర్ల గురించి ఆలోచించుకోవాల్సిన విషయం.) ఆడపిల్ల పేరు చూస్తే మగ సమీక్షకులు పక్కన పడేస్తారని ప్రచురణకర్తలే పొడి అక్షరాలు పెట్టమన్నారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత 1997లో హారీ పాటర్ మొదటి పుస్తకానికీ ఇదే జరిగింది. మగపిల్లలు కొనరేమోనని జోన్ రౌలింగ్ జె.కె. అయింది. ఆమెకి అసలు రెండో పేరే లేదు, ఆ ‘కె’ కోసం నాయనమ్మ పేరు అరువు తెచ్చుకుంది.

ఇంగ్లీషులో పొడి అక్షరాల ముసుగు ‘హి’, ‘షి’ వచ్చేదాకా నిలుస్తుంది. తెలుగులో మొదటి క్రియాపదానికే జారిపోతుంది. ‘రాశాడు’ అనాలి, లేదా ‘రాసింది’ అనాలి. (ఆ ‘రాసింది’లోని ‘ది’ ఆవుకీ, బస్సుకీ, స్త్రీకీ ఒకటే. దాని మీద ఇప్పటికే మనవాళ్ళు చాలా కోప్పడ్డారు.) నాకు దొరికిన దారి గౌరవం. ‘హింటన్ గారు రాశారు’ అన్నాను. ఎంత మర్యాద! పిల్లలు ‘హింటన్ రాశాడు’ అనుకున్నారు, అన్నారు కూడా. నేను దిద్దలేదు. సంధి తప్పితే దిద్దే మనిషిని, దీన్ని వదిలేశాను.

నాలుగో బుధవారం, వెనక వరసలో ఎప్పుడూ మాట్లాడని పిల్లవాడు అన్నాడు: ‘ఆయన కూడా మాలాగే తిరిగినోడై ఉంటాడు మేడం. లేకపోతే మా లోపల ఇట్టా ఉంటదని ఎట్టా తెలుస్తది? అమ్మాయిలకి ఇయ్యన్నీ ఏం తెలుసు!’

చెప్పడానికి అంతకంటే మంచి క్షణం రాదు. నేను నోరు మూసుకున్నాను. వాడు ఆ ఏడాది మొత్తంలో మాట్లాడిన మొదటి వాక్యాలవి. వాటి మీద నీళ్ళు చల్లడం నాకు చేతకాలేదు. ఇంటికెళ్ళాక గానీ సిగ్గనిపించలేదు.

సిగ్గెందుకంటే, పేరు పోవడం ఏమిటో మనకి తెలుసు. ‘రాధికా సాంత్వనము’ 1887లో అచ్చైనప్పుడు ముద్దుపళని తన గురించి చెప్పుకున్న పీఠిక తీసేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి పూర్తి ప్రతి అచ్చు వేయించింది, దానికి నిషేధం కూడా ఎదుర్కొంది. 1902లోనే భండారు అచ్చమాంబ కథలు రాసి ఉండగా 1910 నాటి ‘దిద్దుబాటు’నే తొలి తెలుగు కథగా నేనే ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ పేర్లు వెనక్కి తేవడానికి ఎందరు ఎంత పని చేశారు! ఆ పని చదివి పెరిగిన దాన్ని నేను, నా చేత్తో ఇంకో పేరు కప్పెట్టాను. మన దగ్గర తమాషా ఏమిటంటే మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకున్న కాలమూ ఉంది. ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసిన పురాణం సీత అసలు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఆయనకి ఆ పేరు పెట్టుకుంటే వంటింట్లోకి ప్రవేశం దొరికింది. హింటన్‌కి తన పేరు ఉంచుకుంటే వీధిలోకి ప్రవేశం దొరకదు. రెండిటినీ మారుపేర్లనే అంటాం గానీ బరువు ఒకటి కాదు.

ఈ సంగతి విని నా స్నేహితురాలు, తనూ లెక్చరరే, నవ్వేసింది. ‘చంటివాడికి బెల్లంలో పెట్టి మందిస్తాం. బెల్లం అబద్ధమా?’ అంది. ఆమె వాదనలో బలం లేకపోలేదు. పేరు తెలియకుండా వినడం వల్లే ఆ పిల్లలు కాపలా లేకుండా ఒక ఆడపిల్ల ఊహలోకి నడిచి వెళ్ళారు. అక్కడ తమని తాము చూసుకున్నారు. ముందే చెప్పి ఉంటే గుమ్మంలోనే ఆగేవారు. దాచడం ఎంతసేపు అన్నదే అసలు ప్రశ్న అని ఆమె అంటుంది. ఆఖర్న చెబితే అది పాఠం, చెప్పకపోతే మోసం.

నాకు పూర్తిగా ఒప్పుదల కావడం లేదు. దాచిన ప్రతి వారం నేను వాళ్ళ చట్టానికి లోబడ్డాను. స్త్రీ రాసింది మాకు పనికిరాదు అనే చట్టం. దాన్ని ప్రశ్నించకుండా పక్కదారిన పోయాను. ఇంకో సంగతి కూడా నన్ను తొలుస్తోంది. ‘మనలాంటి కథ’ అంటాం కదా, ఎవరు మనలాంటివాళ్ళు? టల్సా కుర్రాడి దేశం వేరు, భాష వేరు, తిండి వేరు. అరవై ఏళ్ళ కిందటివాడు. వాడు మా పిల్లలకి తమవాడయ్యాడు. రెండేళ్ళుగా పక్క వరసలో కూర్చున్న అమ్మాయి కథ మాత్రం ‘ఆడాళ్ళ కథ’. అన్ని సముద్రాలు దాటినవాళ్ళు ఆ నడవ దాటలేకపోయారు. ఆడపిల్లలకి ఈ వెసులుబాటు ఎప్పుడైనా ఉందా? బుడుగునీ పార్వతీశాన్నీ మనం ‘ఇందులో నేనెక్కడ’ అని అడక్కుండానే చదివి ప్రేమించాం. మగవాడి కళ్ళలోంచి లోకాన్ని చూడడం మనకి చదువుతోపాటే వచ్చింది. వాళ్ళకి అటునుంచి ఇటు రావడం ఎవరూ నేర్పలేదు. వాళ్ళలాంటి కథలే ఇస్తూపోతే ఎప్పుడు నేర్చుకుంటారు?

ఇది సాహిత్యం క్లాసులో మాత్రమే తేలే విషయం కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వాళ్ళలో ఒకమ్మాయి చనిపోయింది. దాడి జరిగిన కొద్దిరోజులకే నిందితులు ముగ్గురినీ పోలీసులు కాల్చి చంపారు, జనం హర్షించారు. ఆ రోజుల్లో నా క్లాసులో మగపిల్లలు ఎన్‌కౌంటర్ గురించి గంటసేపు మాట్లాడారు. కాదన్నప్పుడు ఆ అమ్మాయికి ఏమనిపించి ఉంటుందని నేనడిగితే ఒక్కరికీ జవాబు లేదు. చెడ్డపిల్లలు కారు. ఆ వైపు నుంచి ఎన్నడూ ఏదీ చదవలేదు, ఊహించలేదు.

ఐదో బుధవారం నవల అయిపోయింది. కథంతా పోనీబాయ్ ఇంగ్లీషు మాస్టారి కోసం రాసిన వ్యాసమేనని చివర్లో తెలుస్తుంది, ఆ సంగతి వాళ్ళకి భలే నచ్చింది. అప్పుడు చెప్పాను, ‘ఇది రాసింది మీ వయసు అమ్మాయి’ అని. ‘రాసింది’ అని నొక్కి పలికాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ‘అయితే ఆవిడకి అన్నలుండి ఉంటారు’ అన్నాడొకడు. ఇంకొకడు ‘మీరు ముందే చెప్పాల్సింది మేడం’ అన్నాడు, గొంతులో నిష్ఠూరం ఉంది. మోసపోయానన్న కోపమా, అమ్మాయి రాసిందానికి ఏడ్చానన్న కోపమా, నాకు తెలియలేదు. వెనక వరస పిల్లవాడు మాత్రం అందరూ వెళ్ళాక ఆగి అడిగాడు: ‘మేం ఏడుస్తామని అమ్మాయిలకి తెలుసా మేడం?’ ఏం చెప్పను? ‘చాలామందికి తెలుసు నాయనా’ అన్నాను. ఆడపిల్ల కాబట్టే అది రాయగలిగింది అనడానికి నాకు భయం. మగపిల్లలు తమ మెతకదనాన్ని తాము రాసుకోరన్న మాటని అది స్థిరం చేస్తుంది. నామిని తన పల్లె బాల్యాన్ని రాశాడు, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’లో అమ్మల్నీ నాయనమ్మల్నీ ఎంత ప్రేమగా రాశాడు! అయితే ఆ పిల్లవాడికి ఆ క్షణాన కావలసింది నా విమర్శ కాదు.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. ఇద్దరు ఆడపిల్లలు స్టాఫ్ రూముకొచ్చారు. ‘మేడం, బుధవారాలు అబ్బాయిలకి కథ చెప్పారంట కదా. మాకెందుకు చెప్పలేదు?’ నిజమే. చదివేవాళ్ళని వాళ్ళ మానాన వదిలేసి, చదవని మగపిల్లల కోసం ఐదు సాయంత్రాలు ధారపోశాను. ఇంట్లో కొడుక్కి పెట్టే రెండో గుడ్డు లాంటిదే ఇది. కూతురు ఎలాగూ తింటుందిలే, వాడే అన్నం ముట్టడం లేదు అని అమ్మలు అంటారు. నేనూ అదే అన్నాను, కాకపోతే పిసా లెక్కలు చూపించి. ఆ పిల్లలకి క్షమాపణ చెప్పాను. వాళ్ళు కంగారు పడ్డారు.

ఈ ఏడాది బుధవారాలు అందరివీ. ఈసారి మొదలుపెట్టింది గోగు శ్యామల కథలతో. మొదటిరోజే పేరు నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాసి, ‘రాసింది’ అని చెప్పాను. ఆడపిల్లలు పద్నాలుగుమంది వస్తున్నారు. పోయినేడు విన్నవాళ్ళు ఇంటర్ అయిపోయి వెళ్ళిపోయారు. కొత్తగా పేర్లిచ్చిన మగపిల్లలు పదకొండుమందే. వాళ్ళలో నలుగురు రెండోవారం నుంచి రావడం మానేశారు.