పొరుగువాని నెంచుకొను హక్కు

ఇల్లు కట్టుకొనువాడు గాలియు వెలుతురును నీటివసతియు విచారించుట సహజము. పొరుగెట్టిదో విచారించుటయు సహజమే. కాని తన పొరుగున నెవరు కాపురముండరాదో ముందుగా నిర్ణయించి, ఆ నిర్ణయముతో తరువాతి తరములవారిని గూడ బంధించు నధికార మెవరికైన నుండవచ్చునా? ఇది న్యాయవాదులు మాత్రమే తేల్చుకొనవలసిన ప్రశ్న కాదు.

స్థలమమ్మువారు విధించు షరతులు రెండు విధములు. మొదటివి స్థలము నుపయోగించు తీరునకు సంబంధించినవి. మన గోదావరి డెల్టాలో పల్లపుచేలను మెరకచేసి ఇండ్లస్థలములుగా విభజించునపుడు, మురుగుకాలువ పూడ్చరాదు, బాటకు విడిచిన జాగా నాక్రమింపరాదు అను కట్టుబాటు లేనిచో, వానకాలమున నొకని పెరటినీరు మరియొకని గడప దాటును. అమ్మిన ఆస్తిని ఇట్లే అనుభవింపవలెనను షరతు సాధారణముగా చెల్లదని చెప్పు 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము సైతము, అమ్మినవాని పక్కభూమికి మేలుగూర్చు షరతును తన 11వ సెక్షనులో మన్నించినది. ఇందు దోషము లేదు.

రెండవవి మనుష్యులకు సంబంధించినవి. ఫలానా కులమువారికి, ఫలానా మతమువారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అనునవి. మురుగుకాలువ షరతును కొనువాడు పాటింపగలడు. తన పుట్టుకకు సంబంధించిన షరతును ఎంత సత్ప్రవర్తన గలవాడైనను పాటింపజాలడు. ఈ రెంటి నడుమనే న్యాయము తన హద్దురాయి పాతవలెను.

అమెరికాలో నిరువదవ శతాబ్ది పూర్వార్ధమున ననేక నగరముల క్రొత్తపేటల దస్తావేజులందు, శ్వేతజాతివారికి దప్ప అన్యులకు ప్రవేశము లేదని వ్రాయుచుండిరి. 1948లో షెల్లీ వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీముకోర్టు, అట్టి షరతులను కోర్టులు అమలుపరుపరాదని తీర్పు చెప్పెను. 1968 నాటి చట్టము ఇండ్ల అమ్మకమునందును అద్దెయందును జాతిమతభేదము పాటించుటనే నిషేధించెను. నేడు మన జిల్లాలనుండి పోయిన బిడ్డలు అచ్చట నచ్చిన వీథిలో ఇల్లు కొనుచున్నారన్న, ఆ మార్పు ఫలమునే యనుభవించుచున్నారు. అక్కడ ఆ న్యాయము ననుభవించు కుటుంబమే రాజమహేంద్రవరములోని తన యింటిని అద్దెకిచ్చునపుడు “మీరేమిటోళ్ళండీ?” అని యడుగుట ఏ ధర్మము?

మన దేశమున 2005లో, అహమ్మదాబాదునందలి జొరాస్ట్రియను సహకార గృహనిర్మాణ సంఘపు వ్యాజ్యమున, పార్సీలకే సభ్యత్వమను నిబంధన చెల్లునని సుప్రీముకోర్టు నిర్ణయించెను. సంఘముగా నేర్పడు స్వేచ్ఛ రాజ్యాంగ మిచ్చినదనియు, శాసనము నిషేధింపని షరతును ప్రజాహితమునకు విరుద్ధమని త్రోసిపుచ్చరాదనియు దాని హేతువులు. మిక్కిలి యల్పసంఖ్యాకులగు పార్సీలు తమ యాచారములు నిలుపుకొనుటకు ఒకచోట చేరియుండగోరుట అర్థము కాని కోరిక కాదు. కాని యీ తీర్పు నీడన బలవంతులును తలదాచుకొనవచ్చును. కొద్దిమంది కూడియుండుటకు కట్టుకొన్న గోడ వేరు. భూమియు ధనమును గలవారు ఇతరులను వెలుపల నుంచుటకు కట్టిన గోడ వేరు. మన పల్లెలలో ఊరు వేరు, పేట వేరు. ఈ యెడము ఏ దస్తావేజులోను వ్రాసియుండలేదు. అయినను చదువురానివారు సైతము దానిని చదువగలరు.

1955లో అస్పృశ్యతా నేరముల చట్టముగా వెలసి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు దాల్చిన శాసనము, ఏ ప్రాంతమునందైనను ఇల్లు కట్టుకొనుటకు, సంపాదించుటకు, కాపురముండుటకు అస్పృశ్యతా కారణమున నడ్డుపడుట నేరమని 4వ సెక్షనులో చెప్పినది. కాని నిరాకరించువాడు కారణము చెప్పడు; “నిన్ననే ఇచ్చేశామండీ” అని తలుపు మూయును. ఇల్లు దొరకని మహమ్మదీయ కుటుంబమునకో, ఆ సెక్షను అక్కరకే రాదు. కావున కులమతభేదముచే అమ్మకమును, అద్దెను, సంఘసభ్యత్వమును నిరాకరించు షరతు వ్రాతయైనను నోటిమాటయైనను చెల్లదని పలుకు స్పష్టమైన శాసనము కావలెను. మినహాయింపు కోరు చిన్నసమాజము తన యవసరమును తానే రుజువు చేసికొనవలెను.

చట్టముచే మనసులు మారునా యని కొందరందురు. వితంతు పునర్వివాహమును ధర్మసమ్మతముచేసిన చట్టము 1856 నాటిది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. ఇరువదియైదేండ్లు ఆ చట్టము ఇచ్చట కాగితముమీదనే యుండెను. పంతులుగారు పూనుకొననిచో అది వట్టి కాగితమే. చట్టమే లేనిచో ఆ దంపతుల బిడ్డలకు వారసత్వమే యుండకపోవును. ఒకటి లేక రెండవది నిలువలేదు.

శాసనము తలుపు గడియ తీయగలదు. లోనికి రమ్మని పిలుచుట గృహస్థుని పని. శాసనము వచ్చువరకు ఆగనక్కరలేకయే ఆ పిలుపు నేడే పిలువవచ్చును.