దీర్ఘరాత్రిలో గురుదర్శనము

నార్వేదేశపు ఉత్తరభాగమున, ధ్రువవృత్తమునకు చాల పైన, సుమారు 69.6 డిగ్రీల అక్షాంశమున ట్రోమ్సో అను పట్టణము కలదు. నవంబరు చివరి దినములు మొదలు జనవరి నడిమి వరకు అచ్చట సూర్యుడు ఉదయింపడు. మధ్యాహ్నవేళ దక్షిణదిక్కున కొంత నీలికాంతి పొడసూపి మరల అణగిపోవును. అట్టి రాత్రిలో గ్రహములను వెదకువానికి ఒక విశేషము గోచరించును.

గ్రహములన్నియు ఇంచుమించు సూర్యుని బాటనే నడచును. జూన్ నెలలో సూర్యుడుండు మిథునప్రాంతము అచ్చట అస్తమింపదు. అర్ధరాత్రి సూర్యుడు కనబడుటకు కారణమిదియే. డిసెంబరు చివర సూర్యుడుండు ధనుఃప్రాంతమో, అచ్చట ఉదయింపనే ఉదయింపదు. 2014 జనవరి 5న, మరల 2026 జనవరి 10న గురుగ్రహము సూర్యునికి సరిగా ఎదురుగ మిథునమున నిలిచెను. సూర్యుడు లేని ఆ దినములలో, వేసవిసూర్యుడు తిరుగు త్రోవనే గురువు ఆకాశమును చుట్టివచ్చెను. నడురేయి దక్షిణమున 40 డిగ్రీలకు పైగా ఎత్తున వెలిగెను. పగటివేళ ఉత్తరపు కొండల వెనుకకు జారెనే గాని అస్తమింపలేదు.

ఆ వెలుగు గురునిది కాదు. సూర్యుని నుండి వెడలి, గురుని తాకి, భూమిని చేరుటకు గంటకు మించిన కాలము పట్టిన సూర్యకాంతియే అది. తమకు కనబడని సూర్యుని తేజస్సునే ట్రోమ్సో వాసులు ఆ బిందువునందు చూచుచున్నారు. గురువనగా ఎవరో తెలియగోరు సాధకునికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము అరుదు. తనదని చెప్పుకొనక, పరమాత్ముని వెలుగును శిష్యుని చీకటిలోనికి మరల్చువాడే గురువు. తన కాంతియే అని చాటుకొనువాడు వేరు.

గుర్తించుటయందును జాగ్రత్త వలయును. నక్షత్రములు మినుకుమినుకుమనును, గ్రహములు నిలుకడగా వెలుగును అని పెద్దలు పిల్లలకు చెప్పుదురు. గీతయందలి ధ్యానయోగాధ్యాయమున యోగిచిత్తమును గాలిలేనిచోటి దీపముతో పోల్చుట పాఠకులెరిగినదే. కాని క్షితిజమునకు దగ్గరగా, దట్టమైన గాలిపొరల గుండ చూచినపుడు గ్రహము సైతము చలించినట్లు తోచును. చలనము గాలిది, గ్రహముది కాదు. ఒక్క రేయి చూచి నిర్ణయింపరాదు; పలురాత్రులు చూచి, నక్షత్రముల నడుమ స్థానము మారుచున్నదా అని పరీక్షింపవలెను. మహాత్ముల విషయమునను ఒక్కనాటి మాటను బట్టి తీర్పు చెప్పువారే హెచ్చు.

ట్రోమ్సోకు శీతకాలమున వచ్చు యాత్రికులలో పెక్కురు ధ్రువకాంతులకొరకే వత్తురు. ఆకుపచ్చని తెరలవలె అవి ఆకాశమున ఊగుచుండ, ప్రక్కనున్న గురుని చూచువారు కొలదిమంది. ధ్యానమున కనబడు రంగులను, వినబడు నాదములను చూచి మురిసి, నిశ్చలమైన దానిని మరచు సాధకుల స్థితియు నట్టిదే.

ఇక 2019లో సంగతి వేరు. గురువు సూర్యపథమున అట్టడుగు భాగమునకు చేరెను. ట్రోమ్సోలో ఉదయింపనే లేదు. 2020 డిసెంబరు 21న గురు శనులు డిగ్రీలో పదియవవంతు ఎడమున కూడిరి. 1623 తరువాత అంత చేరువ కలయిక లేదు. భారతదేశమున సాయంసంధ్యలో నైరుతిదిక్కున జనులు దానిని కన్నులార చూచిరి. ట్రోమ్సోలోనో, అప్పుడు దీర్ఘరాత్రియే అయినను, ఆ జంట క్షితిజరేఖను వీడి పైకి రాలేదు.

జపము చేసినను రుచి లేక, ఆప్తుని పోగొట్టుకొని, పిలిచినను బదులు రాక, భగవంతుడు తన్ను విడిచెనని ఏడ్చువాడు ఉండును. వాని దుఃఖము అబద్ధము కాదు. తర్కముతో వానిని గద్దించుట పాపము. చీకటి వానికి నిజముగనే ఉన్నది. అయితే ఆ డిసెంబరున కనబడని గురువు ఎచ్చటికిని పోలేదు. చూచువాడు నిలిచిన నేలయే వంగి అడ్డువచ్చెను. దక్షిణమునకు పయనించిన కొలది అదే గురువు పైకి లేచును. సాధనయందు ఆ పయనమునకు సత్సంగమని పేరు. తాను నిలిచినచోట కనబడనిది, కనబడినవారి చెంతకు పోయి చూచుట.

2031లో గురువు మరల ఆ అట్టడుగు భాగమునకు చేరును. ట్రోమ్సో వాసులకు అప్పుడును కనబడడు. ఆ యేడును పంచాంగకర్త అతని స్థానమును తప్పక లెక్కకట్టి వ్రాయుచునే యుండును.