పొలములోనున్న వారిని పిలువుడి

ధ్యానభాగము: నిర్గమకాండము 9:18–21

ఏప్రిల్, మే నెలలలో ఎండ మండుచుండగా మధ్యాహ్నము దాటిన పిమ్మట ఆకాశము ఒక్కసారిగా నల్లబడి, ఈదురుగాలియు ఉరుములును వడగండ్లును వచ్చుట మనమందరము ఎరిగినదే. వేడెక్కిన నేలమీదనుండి తేమగాలి పైకెగసి మిక్కిలి ఎత్తైన మేఘములగును. వాటిలోని మంచు పలుకులు ఒకదానినొకటి ఒరసికొనగా విద్యుత్తు పుట్టి పిడుగై దిగును. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు లెక్కింపబడెను.

ఇట్టి దినములలో విశ్వాసులు కొందరు, "మన ప్రాణము దేవుని చేతిలో నున్నది గదా! వాతావరణ శాఖవారు చెప్పిరని పని మాని పరుగెత్తుట అవిశ్వాసము కాదా?" అని అడుగుచుందురు. అడుగువారు భక్తిగలవారే గనుక ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

ఐగుప్తులో వడగండ్లు కురియకముందు జరిగినది చూడుడి. రేపు ఈ వేళకు వచ్చునని దేవుడు ముందుగానే చెప్పించెను. అదియు ఫరో జనులకు! పొలములోనున్న మనుష్యులను, పశువులను లోపలికి రప్పింపుమనెను. ఆ మాటకు భయపడినవారు తమ పనివారిని ఇండ్లకు రప్పించిరి. లక్ష్యపెట్టనివారు పొలములోనే విడిచిరి. ఇంటికి పరుగెత్తించినవారే దేవుని నమ్మినవారైరి.

వాతావరణ శాఖవారు ప్రవక్తలు కారు. వారి మాట ఒక్కొక్కప్పుడు తప్పును. అయినను మబ్బును చూచి వాన చెప్పు తెలివిని మన ప్రభువు కాదనలేదు (లూకా 12:54). "నొసట వ్రాసినది తప్పదు" అని కదలకుండుట విధిని నమ్మినవాని పని. తండ్రిని నమ్మిన బిడ్డ ఆయన పంపిన హెచ్చరికను వినును.

మరియొక సంగతి కలదు. ఐగుప్తు పనివారిని లోపలికి పిలువవలసినవాడు యజమానుడు. నేడును హెచ్చరిక రైతు ఫోనుకు వచ్చును గాని, మామిడితోటలో కాయలు కోయు కూలివానికిని, మేకలు కాయు పిల్లవానికిని చేరకపోవచ్చును. "ఈ చెట్టు ముగించి పొండి" అని మనమనినచో, కూలి పోవునను భయముచేత వారు నిలిచెదరు. ఇతరుల ప్రాణమును పణముగా పెట్టి మన విశ్వాసమును చూపుకొనుట న్యాయమా? కూలి తగ్గింపక వారిని పంపుట మనకు నష్టమే. ఆ నష్టమును భరించుటయే పొరుగువానిని ప్రేమించుట.

మెరుపు కనబడిన 30 సెకనులలో ఉరుము వినబడినచో, పిడుగు 10 కిలోమీటర్లలోపు నున్నదని ఎరుగుడి. చింతచెట్టు క్రిందికి గాని తాటిచెట్టు క్రిందికి గాని పోవద్దు. చెట్టుమీద పడిన పిడుగు ప్రక్కనున్న వానిమీదికి దూకును, నేలవెంట ప్రాకును. పక్కా ఇంటిలోనికి పోయి, చివరి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషములు అచ్చటనే యుండుడి.

ఇంత జాగ్రత్తపడినను పిడుగుపాటున ఎవరైన చనిపోయినచో, వారి పాపమును వెదకవద్దు. సిలోయము గోపురము పడి చనిపోయిన 18 మంది మిగిలినవారికంటె పాపులు కారని ప్రభువే చెప్పెను (లూకా 13:4, 5). ఆ యింటికి పోయి, వారితోకూడ ఏడ్వుడి.

మన మందిరములు అనేకము పక్కా కట్టడములు. ఈ వేసవిలో మబ్బు పట్టిన వెంటనే తలుపులు తీయుడి. వచ్చినవారు ఏ మతమువారని అడుగక, కూర్చుండబెట్టి మంచినీళ్లియ్యుడి.