చలిలేని ఊళ్ళో ఊలు

ఎండాకాలంలో మన మగవాళ్ళ ఒంటిమీద చివరిదాకా మిగిలే బట్ట బనీను. చొక్కా విప్పేస్తారు, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గడతారు, బనీను మాత్రం ఉంటుంది. అది నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. ఓ పాత బనీను అంచు పట్టుకుని వెలుతురుకి ఎదురుగా సాగదీసి చూడండి. పడుగూ పేకా కనబడవు. లూపులోంచి లూపు, అందులోంచి ఇంకో లూపు, నిలువు వరసల్లో కిందికి దిగుతూ కనిపిస్తాయి. తిరుప్పూరులో యంత్రం చేసే పనీ, చోడవరంలో మా వరండాలో కూర్చుని రెండు సూదులతో నేను చేసే పనీ ఒకటే. అక్కడ దారం సన్నం, వేగం ఎక్కువ.

"ఏటమ్మా, ఈ ఎండల్లో ఊలేటి?" అని మా వీధిలో అడగనివాళ్ళు లేరు. అడగడంలో తప్పులేదు. స్వెట్టరంటే సిమ్లా, కాశ్మీరు గుర్తుకొస్తాయి గానీ చెరకు తోటల మధ్య ఉన్న మా ఊరు ఎందుకు గుర్తుకొస్తుంది? కానీ రెండు సూదుల అల్లిక మంచుదేశాల్లో పుట్టిందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఇప్పటిదాకా దొరికిన అల్లికల్లో అతి పాతవి ఈజిప్టువి. 11వ శతాబ్దానికీ 14వ శతాబ్దానికీ మధ్య కాలపు మేజోళ్ళు, మేజోళ్ళ ముక్కలు. వాటిలో చాలావరకూ నూలువే, నీలిమందు రంగు దారమూ తెల్లదారమూ కలిపి అల్లినవి. ఇసక ఎడారి పక్కన, నూలు దారంతో, ఎండలో బతికే మనుషులు చేసిన పని అది. తరవాత ఎప్పుడో యూరప్ చేరింది. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రం కట్టాడు. ఇవాళ్టి బనీను మిషన్లన్నీ ఆ వంశానివే. ఊలు సంగతికొస్తే, తెలంగాణ ఎండల్లో గొర్రెల వెంట తిరిగే కాపరి భుజాన గొంగడి ఉండనే ఉంది. ఎండకీ వానకీ చలికీ అదే.

కాబట్టి ఈ ఊళ్ళో ఊలెందుకన్న ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టదు. దాని వెనకాల ఇంకో ప్రశ్న ఉంది, అదే నన్ను వదలదు. చేతిపనికి విలువ దేన్నిబట్టి కడతాం?

నాకీ పని బళ్ళో కుట్లు-అల్లికల పీరియడ్‌లో అబ్బింది. ఆ తరవాత ఏడాది పొడుగునా ఏదో ఒకటి సూదులమీద ఉంటూనే వచ్చింది. అల్లేవాళ్ళ ఏడాది, పంచాంగంలో ఏడాది ఒకటి కావు. కొత్త అమావాస్య వెళ్ళి ఎండలు ముదిరాక ఊలు చేతికి అంటుకుంటుంది. మన బజార్లో ఊలు పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం ఆక్రిలిక్. చెమటపట్టిన వేళ్ళ మధ్య అది జారదు, సూదిమీద కదలనని మొరాయిస్తుంది. అందుకని వైశాఖ జ్యేష్ఠాలు నూలు దారానికి వదిలేస్తాను. నున్నటి స్టీలు సూదులు, సన్నని నూలు, పసిపిల్లల టోపీలు. తెల్లారగట్ల కాసేపు, మళ్ళీ రాత్రి గాలి తిరిగాక కాసేపు. మధ్యాహ్నం సూది ముట్టను.

ఆషాఢ శ్రావణాల్లో తడిగాలికి దాచుకున్న ఊలంతా ముక్కవాసన వేస్తుంది. నిజమైన ఊలైతే పురుగు భయం కూడా. కలరా ఉండలు మార్చాలి, ఎండ కాసిన పూట నులకమంచం మీద పరిచి ఆరబెట్టాలి. వినాయక చవితికి మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు జనం బారులు తీరే రోజుల్లో నేను చలికాలం లెక్క మొదలుపెడతాను. ఈసారి ఎవరింట్లో పురుడు, ఎవరి పిల్లలు నిరుటి స్వెట్టరు మించి ఎదిగారు, ఏ ముసలాయనకి మఫ్లరు కావాలి. ఇంకా చెమటలు కారుతూనే ఉంటాయి. మాఘ ఫాల్గుణాల్లో చెరకు ముచ్చెలు నాటే రైతు ఆ ఏడాది చివర గానుగ సంగతి ఆలోచించినట్టే ఇదీ. చలి ఒంటికి తగిలాక స్వెట్టరు మొదలుపెడితే అది సంక్రాంతి దాటాక పూర్తవుతుంది. చలి రాకముందే చలిని మనసులో పెట్టుకున్నవాళ్ళకే ఈ పని సాగుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తరవాత కరెంటు లేని రాత్రుల్లో, చుట్టూ చీకట్లో, ఓ చిన్న దుప్పటి అల్లుతూ కూర్చునేదాన్ని. వేళ్ళకి వెలుతురు అక్కర్లేదు. ప్లెయిన్ కుట్టు నున్నగా తగులుతుంది, పర్ల్ కుట్టుకి ఎదురుగా చిన్న గట్టు ఉంటుంది. సూదిమీద కుట్లు బొటనవేలితో తోసుకుంటూ పోతే ఎక్కడున్నామో తెలిసిపోతుంది. బయట చెట్లు కూలిపడి ఉన్నా, వార్తలు అందకపోయినా, వరస తరవాత వరస మాత్రం పెరిగేది. మనిషికి తన చేతుల్లో పెరిగేది ఒకటి ఉండడం ఎంత ధైర్యమో అప్పుడు తెలిసింది.

కార్తీకం దాటాక మా వైపు చెరకు తోటలమీద పొగమంచు దిగుతుంది. గోవాడ దారిన చెరకు ట్రాక్టర్లు, బెల్లం వండే పాకల దగ్గర పొగ, టీ కొట్ల ముందు మంకీ క్యాపులు. మాకు చలంటే అంతే, పొద్దెక్కితే పోతుంది. కానీ వడ్డాది, మాడుగుల దాటి ఘాటు రోడ్డెక్కితే పాడేరు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఇంకా అవతల చింతపల్లి, లంబసింగి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం చలికాలంలో చెప్పే ఉష్ణోగ్రతలు కొన్ని తెల్లవారుజాముల్లో 5 డిగ్రీల లోపే ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మేము అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం, ఆ కొండలమీది వాళ్ళు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళారు. జిల్లాలు రెండైనా ఆ చలి మాకు పొరుగింటి చలే. డిసెంబరులో మా ఊరిమీదుగానే కార్లు చెరువులవేనం మంచుమేఘాలు చూడ్డానికి పైకెళ్తాయి. చూడాల్సిన అందమే, కాదనను. ఆ మంచులోనే ఆశ్రమ పాఠశాలల పిల్లలు తెల్లారకముందే లేచి మొహం కడుక్కుంటారు. అక్కడ పంతులమ్మగా చేస్తున్న మా బంధువు ఏటా ఓ సంచీ టోపీలు పట్టుకెళ్తుంది. చలిలేని ఊళ్ళో ఊలెందుకని అడిగితే, రెండు గంటల బస్సు దూరంలో చలి ఉంది గనక. అవసరం అనేదాన్ని మన ఒంటివరకే కొలుచుకుంటే ఎలా?

ఇక పసిపిల్లలు. వాళ్ళకి మా ఊరు కూడా చల్లటి ఊరే. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటివేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తడి ఒళ్ళు, పెద్ద తల, ఒంట్లో కొవ్వు తక్కువ. మనం విసనకర్ర వెతుక్కునే గదిలో కూడా బిడ్డ చల్లబడిపోవచ్చు. నెలతక్కువ బిడ్డలకైతే మరీ. 1978లో కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్లు అలాంటి బిడ్డల్ని తల్లి గుండెలకి ఆనించి కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ దాన్ని కంగారూ మదర్ కేర్ అంటున్నారు. ఆ బిడ్డ ఒంటిమీద ఉండేది డైపరూ, మేజోళ్ళూ, ఒక టోపీ.

ఆ టోపీ ఎలా అవుతుందో కాస్త దగ్గరగా చెబుతాను. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ అంతకన్నా చిన్నదిగా, 32 ఉండాలి, అప్పుడే జారదు. ముందు అరచేయంత నమూనా అల్లి కొలుచుకోవాలి. నా చేతికి పది సెంటీమీటర్లకి 22 కుట్లు వస్తే, 32కి 70 కుట్లు వేసుకోవాలి. ఇంకొకరి చెయ్యి బిగువైతే అవే సూదులమీద, అదే దారంతో లెక్క మారిపోతుంది. మొదటి నాలుగు వేళ్ళ వెడల్పు పదో నంబరు సూదులమీద ఒక ప్లెయిన్, ఒక పర్ల్. రిబ్బు అంటాం. ప్లెయిన్ గీతలు ముందుకీ, పర్ల్ గీతలు వెనక్కీ ముడుచుకుంటాయి, అందుకే అది సాగి మళ్ళీ దగ్గరకొస్తుంది, ఎలాస్టిక్ లేకుండానే. తరవాత ఎనిమిదో నంబరు సూదులకి మారి నెత్తిదాకా పోవాలి. అక్కడ జంటలు జంటలుగా కుట్లు కలిపి, మిగిలినవాటిలోంచి దారం దూర్చి లాగి బిగించాలి. అంతా అయ్యేసరికి మూడు వేల కుట్ల దాకా అవుతాయి. బిడ్డ దాన్ని నెలరోజులు పెట్టుకుంటుందేమో.

సాగడం గురించే ఇంకోమాట. నేత బట్టలో దారాలు బిగువుగా ఒకదాన్నొకటి అడ్డుకుని నిలబడతాయి. అల్లికలో ప్రతి లూపూ పక్కదానికి కాస్త చోటు వదిలి నిలబడుతుంది. లాగితే ఆ చోటు ఇచ్చేస్తుంది, వదిలితే తిరిగి తీసుకుంటుంది. రోజుకి రోజు మారే పసితలకి సరిపోయేది ఇలాంటి బట్టే.

పైగా అల్లింది మొత్తం ఒకే దారం. చివర ముడి విప్పి లాగితే టోపీ అంతా ఉండగా చుట్టుకోవచ్చు. దారం మెలికలు తిరిగి ఉంటుంది. నిజమైన ఊలైతే తడిపి, బరువు కట్టి వేలాడదీస్తే ఆ మెలికలూ పోతాయి. మన దర్శనాల్లో తంతువూ పటమూ, అంటే దారమూ బట్టా, శతాబ్దాలుగా నలిగిన ఉదాహరణ. దారాల్లో లేని కొత్త వస్తువుగా బట్ట పుట్టిందని నైయాయికులు అన్నారు. కార్యం కారణంలో ముందే ఉంది, బట్ట అంటే దారాలే అని సత్కార్యవాదులు అన్నారు. వాళ్ళంతా మాట్లాడింది నేత బట్ట గురించి. నేత బట్టని ఇలా ఒక్క లాగుడుకి తిరిగి కండెకి ఎక్కించలేం. టోపీని అలా తిప్పగలం గనక, ఆ వాదం నాకు చేతుల్లోనే జరుగుతుంటుంది. సైజు తప్పిన టోపీ విప్పినప్పుడల్లా చూస్తాను. దారం గజం కూడా తగ్గకుండా తిరిగొస్తుంది. తిరిగిరానివి గంటలు మాత్రమే. అంటే దారంలో లేనిదీ టోపీలో ఉన్నదీ అల్లిన చెయ్యి పెట్టిన సమయమే. ఆ సమయమే ఆ వస్తువు. మిగిలిందంతా ఉండగా చుట్టేయొచ్చు.

ఇది ఒప్పుకున్నాక బజారు లెక్క నాకు మింగుడు పడడం మానేసింది. బజారు దారానికి గ్రాముల్లో ధర కడుతుంది, గంటలకి కట్టదు. మాలాంటివాళ్ళం సరదాకి అల్లుకుంటాం, కానుకగా ఇచ్చేస్తాం, ధర ఊసే రాదు. అది మా అదృష్టం. కానీ ఆ అదృష్టం నీడ ఇంకెవరిమీదో పడుతోంది.

నరసాపురం వెళ్ళి చూడండి. పశ్చిమ గోదావరిలో, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషా లేసు, అంటే ఒక్క కొక్కెం సూదితో అల్లే లేసు, ఇవాళ్టికీ వేల ఇళ్ళలో నడుస్తోంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ ఉండి చూసి 1982లో ఓ పుస్తకం అచ్చువేసింది. 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు' అని దాని పేరు. ఎగుమతిదారు దారం ఏజెంటుకి ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు, ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె అతుకుపని చేస్తుంది. సరుకు విదేశాలకి వెళ్తుంది. వంటా పిల్లలూ అన్నీ చూసుకుని ఆపైన గంటలకొద్దీ అల్లే ఆ ఆడవాళ్ళని మాత్రం ఎవరూ పనివాళ్ళని అనుకోలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకుంటున్నారు కదా అన్నారు. ఆ ఒక్కమాటతో కూలి అడుగంటిపోయింది. మీస్ ఆ పుస్తకంలో పట్టుకున్నది ఈ సంగతినే. అక్కడి రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది, 2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. గుర్తింపు లేసుకి వచ్చింది, అల్లిన చేతి గంటలకి ధర కట్టే పద్ధతి ఇంకా రావాలి.

నిజంగా తీరిక వేళ అల్లేది నేను. నా తీరికని చూపించి వాళ్ళ పనిని తీరిక అనడం అన్యాయం. సూదులు వేరైనా గంటలు అవే. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. రెండు సూదుల అల్లికకి యంత్రాలు ఎప్పుడో వచ్చాయి గానీ, కొక్కెం సూదితో చేసే అసలు క్రోషాని అల్లే మిషను ఇంతవరకూ బజారులోకి రాలేదు. మిషను లేసు ఉంది, అది వేరే అల్లిక. దుకాణంలో మీకు కనబడే ప్రతి అసలు క్రోషా వస్తువూ, ఎంత చవగ్గా అమ్ముతున్నా సరే, ఒక మనిషి కుట్టు తరవాత కుట్టుగా కూర్చుని అల్లిందే.

కాబట్టి చదివేవాళ్ళని ఒకటి అడుగుతాను. ఈసారి లేసు టేబుల్ క్లాతో, పిల్లకి క్రోషా గౌనో కొంటే బేరం ఆడకండి. ఇది ఎవరు అల్లారు, ఎన్నాళ్ళు పట్టింది, ఆమె చేతికి ఎంత అందింది అని దుకాణదారుని అడగండి. సహకార సంఘాల దగ్గర, అల్లినవాళ్ళ దగ్గర నేరుగా కొనే వీలుంటే అక్కడే కొనండి. మీ ఇంట్లో ఎవరైనా అల్లుతుంటే, ఆ గంటల్ని ఖాళీ గంటలని అనకండి.