సంతవీధిలో పిల్లల ఆట



మన ప్రభువు పిల్లల ఆటను శ్రద్ధగా చూశారని మీరెప్పుడైనా గమనించారా? లూకా సువార్త 7వ అధ్యాయం తెరవండి. సంతవీధిలో కూర్చున్న పిల్లలు ఒకసారి పెళ్ళివారిలా పిల్లనగ్రోవి ఊదడం, మరోసారి చావింట్లోలా శోకాలు తీయడం, తోటివారు కలిసిరాకపోతే నిష్ఠూరమాడడం - ఇవన్నీ ఆయన ఉపమానంలోకి వచ్చాయి.

మన గోదావరి లంకల్లోనూ, కాలువగట్ల మీదా పిల్లలు కొబ్బరాకు చుట్టి బూర ఊదుతారు. తాటికాయలకు పుల్ల గుచ్చి బండి తోలుతారు. "వట్టి ఆటలే" అని మనం దాటిపోతాం. కాని పసిబిడ్డకు ఆటే బడి. మన జ్ఞానం ఇంద్రియాలతో మొదలవుతుందని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. దానిని ప్రతి బిడ్డా మన అరుగుమీదే రుజువు చేస్తున్నాడు.

ఎలాగంటారా? ఐదారు నెలల బిడ్డ ఎదుట గిలక్కాయను తువ్వాలు కింద దాచండి. అది లేనట్టే ఊరుకుంటాడు. ఎనిమిది తొమ్మిది నెలలకు తువ్వాలు లాగి వెదుకుతాడు. కంటికి కనబడనిది కూడా ఉంటుందని తెలుసుకున్నాడన్నమాట! ఏడాది దాటేసరికి కాకిని వేలితో చూపి మన ముఖంవంక చూస్తాడు, తన సంతోషంలో మనకూ వాటా ఇవ్వాలని. రెండో ఏట కొబ్బరిచిప్ప అన్నంగిన్నె అవుతుంది. నాలుగో ఏట "నేను ఫాదర్‌గారిని, నువ్వు పెళ్ళికూతురివి" అని వేషాలు పంచుకుంటారు.

కతోలిక వైద్యురాలు మరియా మాంటిస్సోరిగారు 1907 జనవరి 6న రోము నగరపు పేదల వాడలో పిల్లల కోసం ఒక బడి తెరిచారు. ముందు బిడ్డను చూడాలి, తరువాతే నేర్పాలి అన్నది ఆమె పద్ధతి. 1939లో మద్రాసు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకూ అదే నేర్పారు.

ఎందుకు చూడాలి? బిడ్డ నోటితో చెప్పలేనిది ఆటలో చెబుతాడు. మన కోనసీమ, పశ్చిమగోదావరి పల్లెలనుండి ఎందరో తల్లులు కువైట్ పనికి వెళ్ళారు. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల కొబ్బరిచిప్ప చెవికి ఆనించి "అమ్మా, ఎప్పుడొస్తావు?" అని ఆడుకుంటుంటే నవ్వి ఊరుకోకండి. పక్కన కూర్చోండి. ఆ ఆట ఒక ప్రార్థన.

ఇంకొక మాట. ఏడాది దాటినా పేరుపెట్టి పిలిస్తే తిరగని బిడ్డ, వేలితో ఏదీ చూపని బిడ్డ ఉంటే, "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమే" అని రోజులు గడపకండి. అంగన్‌వాడీ టీచరుగారికి చెప్పండి. పిల్లల డాక్టరుకు చూపి చెవుల పరీక్ష చేయించండి. ఎంత త్వరగా చూపిస్తే బిడ్డకు అంత మేలు. అది ఎవరి పాపఫలమూ కాదు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో ప్రభువే ఆ మాట తేల్చి చెప్పారు (యోహాను 9).

సెల్‌ఫోను చూపించి అన్నం తినిపించే ఇంట్లో బిడ్డకు ఆటా ఉండదు, మన చూపూ ఉండదు. బాలయేసు ఎదుగుదల కూడా ఒక్కరోజులో జరగలేదు. మరియమాత ఒక్కొక్క సంగతినీ తన హృదయంలో పదిలపరచుకున్నది. ఈ వారం రోజుకు ఒక పావుగంట మీ బిడ్డ ఆటముందు కూర్చోండి. నేర్పకండి, సరిదిద్దకండి, చూడండి.

నజరేతు తిరుకుటుంబం మీ ఇంటిని కాపాడునుగాక! ఆమెన్.