కాపలా బాకీ

పెరట్లో కోళ్లు పెంచేవాళ్లకి తెలియకుండానే ఒక అలవాటు అబ్బుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ తలెత్తి ఆకాశంకేసి చూస్తారు. మబ్బు కోసం కాదు, గద్ద కోసం. మా మెట్ట ఊళ్లో ఈ చూపు ఆడవాళ్లకి మరీ ఎక్కువ. కూర తరుగుతున్నా, అంట్లు తోముతున్నా ఒక చెవి పెరటివైపే ఉంటుంది. పుంజు గొంతు మారిందంటే చేతిలో పని అక్కడే వదిలేసి లేస్తారు. అలాంటి పెరట్లో పెరిగినవాణ్ణే నేను. ఇప్పుడు నా పెరట్లోనూ కోళ్లు తిరుగుతున్నాయి. వాటిని మేపడం ఒక పని, కాయడం ఇంకో పని. గింజలు చల్లేటప్పుడు పెద్దగా ఆలోచనలేవీ రావు. కాపలా కాసేటప్పుడే వస్తాయి. ఎవరి నుంచి కాస్తున్నాను, ఎవరి కోసం కాస్తున్నాను, చివరికి కోసుకు తినే నాకు ఈ కాపలాదారు వేషం ఏమిటి అని.

పుంజు గొంతు మారడమన్నది పల్లెల్లో చిన్నపిల్లలకీ తెలుసు. పైన గద్ద కనపడితే సన్నగా సాగదీసి ఒక్క కూత పెట్టి ఊరుకుంటుంది. అది ఏ మూలనుంచి వచ్చిందో చటుక్కున పోల్చుకోలేం. నేలమీద కుక్కో పిల్లో వస్తే మాత్రం కొక్కొక్కొక్కమంటూ ఆగకుండా రచ్చ చేస్తుంది. 1993లో క్రిస్టొఫర్ ఎవాన్స్, పీటర్ మార్లర్ తదితరులు దీన్ని పరీక్షించి చూశారు. శత్రువును దేన్నీ చూపించకుండా, రికార్డు చేసిన అరుపులు మాత్రమే పెట్టలకు వినిపించారు. గద్ద అరుపు వినగానే అవి చాటుకు పరిగెత్తాయి, నక్కాయి, పైకి చూశాయి. రెండో అరుపుకి మెడలు నిక్కించి చుట్టూ కలయజూశాయి. అంతకు కొన్నేళ్ల ముందు మార్లర్ బృందమే ఇంకో సంగతి గమనించింది. తోటి కోడి పక్కనుంటే గద్ద నీడ చూసి కూత పెట్టే పుంజు, ఒంటరిగా ఉన్నప్పుడు దాదాపు నోరు మెదపదు.

ఇది తెలిశాక పుంజు మీద నాకు గౌరవం పెరిగింది. గద్ద తిరుగుతున్నప్పుడు నోరెత్తడం మంచిది కాదు, దాని కంట పడొచ్చు. తన ప్రాణం ఒక్కటే లెక్కైతే గప్‌చుప్‌గా పొదలో దూరితే సరిపోయేది. పక్కన ఇంకొకరున్నారు కాబట్టి అరుస్తుంది. కాపలా కాయడం కోడికి మనం నేర్పిన విద్య కాదు. అది మన గడపలోకి వచ్చేనాటికే దాని దగ్గర ఉంది.

అసలు గడపలోకి ఎలా వచ్చింది? పెంపుడు కోళ్ల మూలపురుషుడు ఎర్ర అడవికోడి. కచ్చితంగా పెంపుడు కోడివే అని చెప్పదగిన తొలి ఎముకలు థాయిలాండ్‌లోని బన్ నాన్ వాట్ అనే చోట దొరికాయని 2022లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. క్రీస్తుపూర్వం 1650కీ 1250కీ మధ్యకాలం నాటివి అవి. వరి, చిరుధాన్యాల సాగు వ్యాపించిన దారినే కోడి కూడా వ్యాపించిందని ఆ పరిశోధకుల అభిప్రాయం. నూర్చిన గింజ రాలిన చోటికి అడవికోడి తానే దిగివచ్చింది, అలా అలా మనిషికి మాలిమి అయింది. అంటే దాన్ని మనం వల వేసి పట్టుకొచ్చామని గర్వపడనక్కర్లేదు. నూకల కోసం వచ్చింది, ఉండిపోయింది.

ఉండిపోయినందుకు అది చెల్లించిన ధర మాత్రం తక్కువేమీ కాదు. అడవిలో దాని కాపలా దానికుంది. తేలికైన ఒళ్లు, పిక్కబలం, పొద్దువాలేసరికి కొమ్మ ఎక్కగలిగే రెక్క. పెట్ట రంగు ఎండుటాకుల్లో కలిసిపోతుంది. మన దగ్గర ఇవన్నీ ఒక్కొక్కటే కరిగిపోయాయి. మాంసం కోసం బరువు పెంచాం, ఎగరడం పోయింది. గుడ్ల కోసం తెల్ల లెగ్‌హార్న్‌ను ఎంచి ఎంచి పెంచాం, పొదిగే బుద్ధి పోయింది. ఆరు వారాలకే రెండు కిలోలు తూగే బ్రాయిలర్ని పెరట్లో వదిలితే దానికి ముంగిస దాకా అక్కర్లేదు, వీధికుక్క తీరిగ్గా నడిచొచ్చి నోట కరుచుకుపోతుంది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా కోడిని రూపొందించినప్పుడు ఈ నష్టాన్ని కొంతైనా పూడ్చాలని చూసింది. రంగు ఈకలు, పొడుగు కాళ్లు, తప్పించుకు పరిగెత్తగల చురుకు దానికి ఉండేలా చూశారు. గుడ్ల లెక్క, మాంసం లెక్కతో పాటు గద్దనూ లెక్కలోకి తీసుకున్నారన్నమాట. అయినా ఆ పిల్లలు యంత్రంలో పొదిగినవి, తల్లి లేకుండా మనింటికొస్తాయి. అందుకే మొదటి ఆరు వారాలు లోపలే వెచ్చగా ఉంచి, ఆ తర్వాతే పెరట్లోకి వదలమంటారు. నాటుపెట్ట 21 రోజులు పొదిగి, పిల్లల్ని రెక్కల కింద వేసుకుని, గద్ద వాలితే ఎదురెగిరి చేసే చాకిరీకి బదులు మనం బల్బు వేలాడదీసి కరెంటు బిల్లు కడతాం.

అందుకే సాయంత్రం గూటి తలుపు వేయడాన్ని నేను దయ అనుకోలేను. దాని కొమ్మనీ, రెక్కనీ, ఒంటిరంగునీ తీసేసుకున్నది మనిషి. వాటి బదులుగా ఇస్తానన్న కాపలా ఇంకా తీరని బాకీ. ఆ బాకీ రోజూ సాయంత్రం వాయిదా కట్టాలి, ఒక్కపూట ఎగ్గొట్టినా వడ్డీతో సహా వసూలవుతుంది.

వసూలుకొచ్చేవాళ్లకి వేళలున్నాయి. పగలు గద్ద, జాలెడేగ, కాకి. నేలమీద ముంగిస, గుడ్ల కోసం ఉడుము. చీకటి పడ్డాక అడవిపిల్లి, మానుపిల్లి, పందికొక్కు, పాము. పిల్లలకి గులాబీరంగు పూసి గద్దను ఏమార్చేవాళ్లున్నారు, పెరటి మీద పాత చీరలు కట్టేవాళ్లున్నారు, మెరిసే సీడీలు వేలాడదీసేవాళ్లున్నారు. ఎవరి ఉపాయం వాళ్లది. కానీ పిల్లను తన్నుకుపోయినరోజు అందరి నోటా వచ్చే మాట ఒక్కటే, దొంగ గద్ద. ఈ మాట దగ్గరే నాకు పేచీ. మా మొక్కజొన్న చేలల్లో ఎలుకల్ని పట్టే అడవిపిల్లే రాత్రి గూటి దగ్గరకీ వస్తుంది. ఎలుకను పడితే రైతుకి నేస్తం, కోడిని పడితే దొంగ. ఈ తేడా పిల్లికి ఎవరూ చెప్పలేదు. కోడి నాదని రాసుకున్న కాగితం మీద గద్ద సంతకం లేదు.

ఈ ధోరణిలో ఒకసారి మా పెద్దమ్మ దగ్గర మాట్లాడబోయాను. ఆమె చాటలో నూకలు చెరుగుతూ అంతా విని, "గద్దకీ పిల్లలుంటాయని నాకూ తెలుసురా అబ్బాయ్. డ్వాక్రా వాయిదా ఎవరు కడతారు మరి, గద్దా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. నాటుకోళ్ల డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతికి సూటిగా వచ్చే కొద్దిపాటి డబ్బు. పొలం కాగితాలు మగవాళ్ల పేర ఉంటాయి, పాల డబ్బు పద్దులో పడుతుంది. గుడ్లు, పుంజు అమ్మిన డబ్బు మాత్రం కొంగుముడిలోకి వెళ్తుంది. అందులోంచే పిల్లల పుస్తకాలు, మందుబిళ్లలు. పెట్ట పోతే అది పెట్టబోయే గుడ్లు, ఆ గుడ్లలోని పిల్లలు కూడా పోయినట్టే. ప్రకృతిలో ఇదంతా సహజమేనని తీరిగ్గా చెప్పగలిగేది నష్టం భరించనక్కర్లేనివాళ్లే. కాబట్టి గద్దను క్షమించమని నేను పెద్దమ్మకు చెప్పను. కోపం ఎక్కడ పెడితే కోడి మిగులుతుందో అదొక్కటే చెప్పగలను.

కోపం వేటగాడి మీద పెడితే ఏం జరుగుతుందో ఊళ్లల్లో చూస్తూనే ఉంటాం. కోడిపేగుల్లో గుళికల మందు కలిపి పెరటి మూల పెడతారు. మందుకి మనిషిలా పగ ఉండదు, ఎవరు ముట్టుకుంటే వాళ్లనే చంపుతుంది. ముంగిసకు పెట్టింది కాకి తింటుంది, పక్కింటి కుక్క తింటుంది. ముంగిసనీ అడవిపిల్లినీ చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. అంతా చేసి ఒక ముంగిసను చంపినా, గూటి సందు అలాగే ఉంటే ఆ దారినే ఇంకోటి వస్తుంది.

రాత్రికి రాత్రి గూట్లో కోళ్లన్నీ చచ్చిపడి ఉండటం, తిన్నది మాత్రం ఒక్కటో రెండో కావడం కోళ్లు పెంచే ఊళ్లల్లో తెలిసిన సంగతే. పాపిష్టిది, ఆకలికి మించి చంపిందని తిడతారు. హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రవేత్త 1972లో ఇలాంటి చంపుడు మీదే ఒక పరిశోధన ప్రచురించాడు. కటిక చీకటి రాత్రి నేలమీద గూళ్లు పెట్టుకున్న సముద్రపు పక్షుల్ని నక్కలు తినగలిగినదానికన్నా ఎన్నో రెట్లు చంపిపోవడం అందులో ఉంది. వేట మృగానికి ఎదురుగా కదిలేదాన్ని పట్టమనే బుద్ధి ఉంటుంది. మామూలుగా ఒకటి దొరికేలోగా మిగతావన్నీ ఎగిరిపోతాయి కాబట్టి వేట అక్కడితో ఆగుతుంది. ఎగిరిపోవడానికి వీల్లేనప్పుడు ఆగదు.

ఇది చదివాక మన గూళ్ల సంగతి నాకు కొత్తగా కనపడింది. కోడికి చీకట్లో చూపు ఆనదు. దాన్ని నాలుగు గోడల మధ్య పెట్టి, ఒక మూల సందు వదిలితే మనం కట్టింది గూడు కాదు, బోను. చింతచెట్టెక్కి పడుకున్న కోళ్లలో పిల్లి ఒకదాన్ని పట్టుకుపోతే మిగతావి చెల్లాచెదురై బతుకుతాయి. సందున్న గూట్లో అన్నీ పోతాయి. సగం కాపలా అసలు కాపలా లేకపోవడం కన్నా ప్రమాదం. పిల్లలకి, ముసలివాళ్లకి, మన మీద ఆధారపడ్డ ఎవరికైనా ఇదే వర్తిస్తుందని నాకు నమ్మకం కుదిరింది. ఒకరి పారిపోయే దారి మూసినవాడు, వచ్చే దారులన్నీ కూడా మూయాలి.

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. గద్ద ఏడాదికి ఎన్ని పిల్లల్ని తన్నుకుపోతుందో లెక్కపెట్టే ఊరు, కొక్కెర తెగులును దేవుడి ఖాతాలో రాసేస్తుంది. రాణిఖేత్ అనే ఊరి పేరుతో మనవాళ్లు పిలిచే ఆ జబ్బు టీకాలు వేయని ఊళ్లోకి వస్తే ఒక్క విడతలో పెరళ్లన్నీ ఖాళీ చేయగలదు. మొదటి వారంలో పిల్ల కంట్లో వేసే లసోటా చుక్క దాన్ని ఆపడానికి మొదటి మెట్టు. గద్దకు రెక్కలున్నాయి, ముక్కుంది, తిట్టడానికి వీలుగా కనపడుతుంది. క్రిమి కనపడదు, అందుకే దాని మీద కోపం రాదు. కనపడే శత్రువు మీద రాళ్లేసి, కనపడనిదానికి తలుపు తీసి పెట్టడం మనుషుల వ్యవహారాల్లోనూ మామూలే.

ఇక నా వేషం సంగతి. గద్దనుంచి, పిల్లినుంచి, తెగులునుంచి కాపాడిన కోడిని నేను పండక్కి కోసి తింటాను. లెక్క తీస్తే నా పెరట్లో అందరికన్నా ఎక్కువ కోళ్లని తిన్న జంతువు నేనే. ఈ మాట దాచడం వల్ల కోడికి ఒరిగేదేమీ లేదు, ఒప్పుకుంటే ఒక హద్దైనా ఏర్పడుతుంది. తినడానికి పెంచినా, బతికినన్నాళ్లు భయం లేకుండా బతకనివ్వడం, పోయేటప్పుడు క్షణంలో పోనివ్వడం ఆ హద్దు. మా ప్రాంతంలో కొందరు పుంజుని ఏడాది పొడుగునా కన్నబిడ్డకన్నా ఎక్కువగా సాకుతారు. బాదంపప్పు పెడతారు, ఈత కొట్టిస్తారు, రాత్రిళ్లు మనిషిని కాపలా పెడతారు. సంక్రాంతికి కాలికి కత్తి కట్టి బరిలోకి వదులుతారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరమంది. చట్టం మాట అటుంచి, ముంగిస నుంచి కాపాడిన చేతులతోనే కత్తి కట్టడాన్ని నేను కాపలా లెక్కలో వేయలేను. అది పందెం సొత్తును భద్రం చేసుకోవడం. గద్ద ఆకలికి చంపుతుంది, చూసి ఈల వేయడానికి చంపదు.

కొత్తగా కోళ్లు పెంచుదామనుకునేవాళ్లు కనపడితే నేను జాతి గురించి, ధర గురించి చెప్పను. ముందు గూడు చూసుకోమంటాను. నేలకు రెండడుగులు ఎత్తులో కట్టండి. పల్చటి కోళ్ల వల కోడిని బయటికి పోనివ్వదు గానీ కుక్కను లోపలికి రాకుండా ఆపలేదు, కాబట్టి అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ కొట్టించండి. దాన్ని అడుగున మట్టిలోకి కూడా దింపండి. గొళ్లెం పెట్టండి. పశువుల ఆస్పత్రిలో టీకా తేదీ అడిగి గోడమీద రాసుకోండి. తల్లి ఉన్న పిల్లల్ని తల్లితోనే ఉంచండి, లేనివాటిని గంప కింద కప్పండి. ఇవన్నీ చేశాక కూడా ఏ మిట్టమధ్యాహ్నమో గద్ద ఒక పిల్లను తన్నుకుపోతే దాన్ని తిట్టుకోండి, తప్పులేదు, కానీ మందు పెట్టకండి. వేటాడటం దాని పని. పొద్దువాలాక తలుపు వేయడం మన పని.