అంకె కనపడని ఆట

లీచెస్ అనే చదరంగం సైటులో ఆట నడుస్తుండగా కీబోర్డు మీద జెడ్ నొక్కితే బల్ల, గడియారాలు తప్ప దాదాపు అన్నీ మాయమవుతాయి. ఎదుటి ఆటగాడి పేరు పోతుంది, దాని పక్కన అతని బలాన్ని చెప్పే అంకె, రేటింగూ పోతుంది. దీన్ని జెన్ మోడ్ అంటారు. సెట్టింగుల్లోకి వెళ్తే సైటంతటా ఎవరి రేటింగూ కంటపడకుండా చేసుకోవచ్చు కూడా. లెక్క మాత్రం ఆగదు. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది, మనం చూడం అంతే. ఈ సదుపాయాన్ని చదరంగం ఆడే ప్రతి పిల్లవాడికీ ముందే చూపించాలని నాకుంటుంది.

మా అక్క కొడుక్కి పదమూడేళ్లు, రేటింగు 1500కి అటూ ఇటూ. ఒక సాయంత్రం వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తున్నాను. 1900 వాడు తగిలాడు. ఆట మధ్యలో అవతలివాడి గుర్రం ఏ కాపూ లేకుండా నట్టనడి గడిలో నిలబడింది. మావాడి శకటుకు దారి ఖాళీ. చెయ్యి మౌస్ మీదే ఉంది, కదలదు. "ఊరికే ఎందుకిస్తాడు మావయ్యా, ఏదో ప్లానుంది" అని గొణుక్కుని, ఓ బంటును జరిపి ఊరుకున్నాడు. మరుసటి ఎత్తులో గుర్రం వెనక్కి వెళ్లిపోయింది. ఆటయ్యాక కంప్యూటర్ విశ్లేషణ తీసి చూస్తే అక్కడ ఏ ఎరా లేదు. అవతలివాడు పరాకుగా వదిలేశాడు. అదే గుర్రాన్ని 1300 వాడు వదిలుంటే మావాడు రెండు సెకన్లలో కొట్టేసేవాడు.

ఈ అంకెల లెక్క కట్టింది అర్పాద్ ఎలో, హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. లీచెస్ వాడే గ్లికో-2 అదే దారిలో తర్వాత వచ్చింది. ఎలో సూత్రం ప్రకారం 200 తేడా ఉంటే బలహీనుడికి వంద ఆటల్లో సుమారు 24 పాయింట్లు రావాలి. 400 ఉంటే సుమారు 9. ఆ తొమ్మిదిని మనసు సున్నా అని చదువుకుంటుంది. చదువుకున్నాక, చేతికి అందిన గుర్రాన్ని కూడా వదిలేసి, నిజంగానే సున్నా చేసుకుంటుంది. నీటిలో మునిగి తేలుతున్న బెండు ఎక్కడుందో, గాలికి ఊగే తాడుకు కట్టిన గజంబద్దతో కొలిచినట్టుంటుందని రేటింగు గురించి ఎలోనే అన్నాడు. అంకె తన పరిమితి దాచలేదు, మనమే దానికి లేని అధికారం ఇస్తున్నాం.

2008లో అచ్చయిన ఒక ఇటలీ పరిశోధన నన్ను ఇప్పటికీ వదలదు. సమాన బలమున్న స్త్రీ పురుషులను జంటలు చేసి ఇంటర్నెట్‌లో ఆడించారు. ఎదుట ఆడేది మగవాడని చెప్పినప్పుడు స్త్రీల ఫలితాలు బాగా పడిపోయాయి. ఆడేది నిజానికి మగవాడే అయినా స్త్రీ అని నమ్మించినప్పుడు సమంగా ఆడారు. అక్కడ పనిచేసింది అంకె కాదు, కానీ తొలి ఎత్తుకు ముందే ఓటమిని ఒప్పించే తీరు ఇదే.

ప్రత్యర్థిని తెలుసుకోవడం కూడా ఆటలో భాగమేగా అంటారు. గ్రాండ్‌మాస్టర్ల స్థాయిలో నిజమే, వాళ్లు ఎదుటివాడి పాత ఆటలన్నీ తిరగేసి వస్తారు. వాళ్లు చదివేది ఆటల్ని. మనం చూసేది నాలుగంకెల్ని. అయితే నా కంటికి ఇతరుల అంకె కనపడకుండా చేసుకోవడం వేరు, నా బలాన్ని ఇతరులకు తెలియకుండా దాచడం వేరు. స్టార్‌క్రాఫ్ట్-2 అనే వీడియో గేమ్‌లో పేరున్న ఆటగాళ్లు నిలువుగీతల్లాంటి అక్షరాలనే వరసగా పేర్చి, బార్‌కోడ్‌లా కనిపించే పేరుతో ఆడతారు. తమ వ్యూహాలు బయటపడకుండా అది వాళ్ల జాగ్రత్త. బలం ఉండీ కొత్త ఖాతా తెరిచి, నేర్చుకునేవాళ్లను వేటాడే స్మర్ఫ్‌లు చేసేది మాత్రం మోసమే.

పై అంకె పుట్టించే భయం కంటే కింది అంకె పుట్టించే చులకన నన్ను ఎక్కువ బాధిస్తుంది. ఎదుటివాడిది చిన్న అంకె అని తెలియగానే అతని ఎత్తును చదవడం మానేస్తాం. అతనూ ఆలోచించి ఆడాడన్న మాటే తోచదు. పిల్లల టోర్నమెంట్లలో ఇది బాహాటంగా కనిపిస్తుంది. గోడకు పెయిరింగ్ జాబితా అంటించగానే తల్లిదండ్రులు ఎగబడి చూసి, వెనక్కి వచ్చి, "అన్‌రేటెడే రా, ఈజీ" అనో, "పదిహేడొందలు, జాగ్రత్త" అనో పిల్లవాడి చెవిలో వేస్తారు. 2024 మార్చి నుంచి ఫిడే కనీస రేటింగును 1000 నుంచి 1400కి పెంచింది. అంతకు తక్కువ బలమున్నవాళ్లకు ఇప్పుడు రేటింగే ఉండదు, కాబట్టి అన్‌రేటెడ్ అన్న మాట వెనక నిన్న పావులు పట్టినవాడూ ఉండొచ్చు, ఏళ్లుగా ఆడుతున్నవాడూ ఉండొచ్చు. జాబితా మీద అంకెను ఎవరూ చెరపలేరు. పిల్లవాణ్ని లోపలికి పంపేటప్పుడు బల్ల నంబరు చెప్పండి, తెల్లపావులో నల్లపావులో చెప్పండి. మిగతాది ఆట ముగిసి, ఇద్దరూ చేతులు కలిపి బయటికి వచ్చాక చూసుకోవచ్చు.